కొండజాతరలు, పాటలు, పిల్లలు



చరిత్ర యనగానే మనకు రాజుల వంశావళులును, కోటలును, యుద్ధములును, శాసనములును తోచును. పాటకు కూడ చరిత్ర కలదని తలచువారు అరుదు. కోటకు రాయి సాక్షి. దానమునకు శాసనము సాక్షి. పాటకు సాక్షి యెవరు? అది పాడిన నోటితోడనే గాలిలో గలసిపోవును. అట్టి పాట నాలుగు తరములు నిలిచిన దన్నచో, దానిని ప్రతి తరమునను ఎవరో చిన్ననాట విని, పెద్దయైన పిదప మరల పాడి యుండవలెను. ఆ వినికిడి యెచ్చట జరిగినది, ఎట్లు జరిగినది అని విచారించుటయే నేటి ప్రసంగమునకు విషయము.

మన పాలమూరు సీమలో కృష్ణకు ఇరువైపుల నున్న గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలైనవి. జిల్లాలు వేరైనను వీని జాతరలు వేరు కాలేదు. ఈ సీమవారు తరతరములుగా పిల్లాపాపలతో బండ్లు కట్టుకొని, కొండమీది దేవునికడకు పోయి, చెట్లక్రిందను గుడారములలోను బసచేసి, రాత్రులు పాటలతో గడపినవారు. మన పాటలలో పెక్కు బడిలో వచ్చినవి కావు, ఆ బసలలో వచ్చినవి. దీనిని కొన్ని నిదర్శనములతో మీకు విన్నవింతును.

మొదట శ్రీశైలయాత్రను తీసికొందము. ఆ క్షేత్రమునకు నాలుగు ద్వారములు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఈ నాలుగింటిలో రెండు మనవి. అలంపురము జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర యొడ్డున నున్నది. అచటి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలమున, 7, 8 శతాబ్దములలో కట్టబడినవి. ఉమామహేశ్వరము నాగరుకర్నూలు జిల్లాలో అచ్చంపేటకు సమీపమున నల్లమల కొండచరియలో వెలసినది. శివరాత్రికి పోవు ఉత్తరపు యాత్రికులు ఉమామహేశ్వరుని సేవించి, అడవిదారి పట్టి, కృష్ణను దాటి శ్రీగిరి నెక్కెడివారు. కొండవీటి ప్రభువైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకు సోపానములు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. ముదుసళ్లును, స్త్రీలును, చంకబిడ్డల తల్లులును గుంపులుగా వచ్చు క్షేత్రమునకే గదా మెట్లతో ఇంత పని!

ఆ యాత్రను కన్నులకు గట్టినట్లు వర్ణించినవాడు పాల్కురికి సోమనాథుడు. కాకతీయుల కాలపు కవియైన ఈయన రచించిన పండితారాధ్య చరిత్రము ద్విపదకావ్యము. అందు దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వతములను ఐదు ప్రకరణములు గలవు. కడపటిదైన పర్వత ప్రకరణము శ్రీశైలమహిమకును, శివరాత్రి జాగరమునకును సంబంధించినది. భక్తులు ఆ కొండపై నేయే పాటలు పాడిరో ఆ కవి పేర్లతో సహా చెప్పినాడు. తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు, నివాళిపదములు, ప్రభాతపదములు, శంకరపదములు, ఆనందపదములు, వాలేశుపదములు అని వాని పేళ్లు. వీనితోపాటు పర్వతపదములు అని యొక తెగ కలదు. కొండ నెక్కునపుడు పాడుకొనుటకే వేరుగా పాట లుండెనన్నమాట. ఏడెనిమిది వందల యేండ్లనాడు తెలుగు ప్రజ కొండమీద నిట్లు గానోత్సవము జరుపుకొనెను.

ఇచట మనము నిలిచి ఆలోచింపవలసిన సంగతి యొకటి యున్నది. ఆ జాబితాలోని పాటలలో నేడు మనకు మిగిలిన వెన్ని? గొబ్బిపాట మిగిలినది. ధనుర్మాసమున ఆడపిల్లలు గొబ్బెమ్మల చుట్టు తిరిగి దానిని పాడుచునే యున్నారు. తుమ్మెద పదము పల్లెపాటల పల్లవులలో నేటికిని వినబడును. వెన్నెల రాత్రులలో పిల్లలు కూడి ఆడుకొను పాటలు మొన్నమొన్నటివరకు ప్రతి యూరను ఉండెను. కాని వాలేశుపద మెట్టిదో చెప్పువారు లేరు. పర్వతపదమును ఏ వరుసలో పాడిరో తెలిసినవారు లేరు. అవి పేరుమాత్రము మిగిలి పోయినవి. పిల్లల నోట బడిన పాట బ్రతికినది, పెద్దల నోటనే యుండిపోయిన పాట వారితోడనే పోయినది అని నా తలంపు.

వ్రాసి పెట్టిన చాలదా యని మీరడుగవచ్చును. తిరుమలలో తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి భద్రపరచిరి. ఆయన 1503లో పరమపదించెను. రేకులు నాలుగు వందల యేండ్లు మరుగున పడియుండి, 20వ శతాబ్దమున వెలుగు జూచినవి. సాహిత్యము దక్కినది, రాగముల పేర్లును దక్కినవి. ఆయన పాడిన వరుసలు మాత్రము మిక్కిలిగా పోయినవి గావున, ఇప్పటి విద్వాంసులు పెక్కింటికి స్వరములు క్రొత్తగా కూర్చవలసి వచ్చినది. రాగిరేకు మాటను కాపాడగలదు. వరుసను కాపాడగలిగినది కంఠ మొక్కటే. ఒక కంఠమునుండి మరియొక కంఠమునకు వరుస చేరవలెనన్న, ఇరువురును ఒకచోట, ఒకరాత్రి, తీరికగా కూర్చుండవలెను.

ఆ తీరికను కల్పించినది కొండబస. అది యెట్లు పనిచేసెనో చూతము. బండ్లు కట్టుకొని పోవు కాలమున పగలు ప్రయాణము, చీకటి పడినపుడు నీరున్నచోట విడిది. ఎడ్లను విప్పి, బండ్లను చుట్టుగా నిలిపి, నడుమ నెగడు వేసెడివారు. అడవిలో మృగభయము కలదు. నెగడు ఆరరాదు, సద్దు ఆగరాదు. అందుచేత పాట అచట వినోదము మాత్రమే గాక కాపలా కూడ నాయెను. కొండ యెక్కునపుడు పాట అడుగునకు తాళము. పొదలలో దారి తప్పినవానికి పాటయే గురుతు. జాగరము నాడు నిద్రకు మందు పాట. ఇన్ని పనులు గల పాటను ఎవరును మానలేరు. పిల్లవాడు మానుమన్నను మానడు, ఎందుకనగా ఆ వెలుతురు చుట్టు తప్ప వానికి పోవుటకు వేరొకచోటు లేదు.

ఇక నేర్చుట యెట్లు? వేదపాఠమున సంత చెప్పుట యను పద్ధతి కలదు. గురువు ఒకమారు పలికిన దానిని శిష్యుడు రెండుమార్లు పలుకును. పుస్తకము చూడనక్కరలేదు, అర్థ మడుగనక్కరలేదు. మొదట నోటికి రావలెను. మన భజనకూటముల పద్ధతియు నిదియే. ముందుపాట పాడువాడు చరణ మందిచ్చును, తక్కినవారు వంతపాడుదురు. తాతప్రక్కన పచ్చడము కప్పుకొని కూర్చున్న ఏడేండ్ల బిడ్డ ప్రతి చరణమును ఇట్లు రెండుమూడు మార్లు వినును. మొదటి యేడు వాడు వంతలో కడపటి యక్షరమును మాత్రమే అందుకొనును. రెండవ యేడు పల్లవి పట్టుబడును. నాలుగైదు యాత్రలు గడచునప్పటికి, తాత మరచిన చరణమును మనుమడు అందించును. ఎవరును వానికి పాఠము చెప్పలేదు. బెత్తము పట్టలేదు. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపినవాడను గావున చెప్పుచున్నాను, ఇంతకంటె మేలైన పాఠశాలను నేనెరుగను.

ఈ సంగతిని మన సీమలోని రెండు జాతరలలో ప్రత్యక్షముగా చూడవచ్చును. మొదటిది సలేశ్వరము. నాగరుకర్నూలు జిల్లా లింగాల మండలములో, నల్లమల నడుమ, లోతైన లోయలో, జలపాతము ప్రక్కగుహలో లింగమయ్య వెలసియున్నాడు. చైత్రపౌర్ణమికి అచట జాతర. మన్ననూరు, ఫరహాబాదుల మీదుగా వాహనము పోవునంత దూరము పోయి, మిగిలిన దారి చేతికర్ర పట్టుకొని నడువవలెను. రాళ్లలో దిగవలెను, మరల ఎక్కవలెను. దిగువారును ఎక్కువారును ఆ యిరుకు దారిలో ఎదురగునపుడు, వచ్చుచున్నామని లింగమయ్యతో చెప్పు పాట యొకరిది, పోయివచ్చెదమని సెలవు గొను పాట వేరొకరిది. కొండకొండకు ఆ రెండు కేకలు ప్రతిధ్వనించును. చదువురాని పసివాడు కూడ తొలి మలుపులోనే ఆ పాట నందుకొనును. పర్వతపదము లెట్టివో మనకు తెలియకున్నను, వాని మనుమరాలు ఈ పాటయే కావచ్చునని నాకు తోచుచుండును.

సలేశ్వరమున అర్చన చెంచులది. శ్రీశైల మల్లన్నను వారు తమ అల్లునిగా భావింతురు. ఆస్ట్రియా దేశమున బుట్టిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940 ప్రాంతమున అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నుండి వారి జీవితమును పరిశీలించి, 1943లో పెద్ద గ్రంథము ప్రకటించెను. మైదానపువారు ఏడాదికొకమారు చేయు బస చెంచులకు దినచర్య. పెంటలలో కాపురముండువారి పిల్లలకు పాటయు, వేటయు, తేనెపట్టు గురుతును, పెద్దలవెంట దిరుగుటవలననే అబ్బుచుండెను.

రెండవది కురుమూర్తి జాతర. కురుమూర్తిస్వామి కొండ మహబూబునగరు జిల్లా చిన్నచింతకుంట మండలములో నున్నను, వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు, అమరచింతలకు అతి సమీపము. ఆత్మకూరు సంస్థానపు ముక్కెర వంశజులు ఈ క్షేత్రమును పోషించినవారు. దీపావళి వెళ్లిన మరునాటినుండి కార్తికమాసమున జాతర సాగును. స్వామి ఆభరణములు ఆత్మకూరునుండి ఊరేగింపుగా వచ్చును. స్వామి పాదములకు ఉద్దాలను, అనగా పాదరక్షలను, చిన్నవడ్డెమానులో మాదిగ కులస్థులు నియమముతో ఉపవాసముండి కుట్టుదురు. ఆ ఉద్దాలు కొండకు వచ్చునాడు వేలకొలది జనులు వానిని తలకు సోకించుకొందురు. చెప్పులు కుట్టు చేతులను ఊరి వెలుపల నుంచిన సమాజమే, ఆ చేతులు కుట్టిన చెప్పులకు తల వంచుట ఈ జాతరలోని విశేషము. బిడ్డను భుజముపై నెక్కించుకొని ఆ దృశ్యమును చూపిన తండ్రి, ఏ పుస్తకము చెప్పలేని పాఠమును వానికి చెప్పినవాడగును.

కురుమూర్తికి వచ్చినవారు తొందరపడి పోరు. గుట్టక్రింద గుడారములు వేసికొని, క్రొత్తకుండలో అన్నము వండి దాసంగము పెట్టి, ఒకటి రెండు రాత్రులైన నుందురు. జూరాల ఆనకట్ట లేని దినములలో గద్వాల దిక్కువారు కృష్ణను పుట్టిలో దాటి వచ్చెడివారు. రాత్రి కాగానే గుడారమునకొక భజన. వేపూరి హనుమద్దాసు, మన్నెముకొండ హనుమద్దాసు, రాకమచర్ల వేంకటదాసు, వీరి కీర్తనలు పాలమూరు పల్లెల కంఠసీమలను అలంకరించినవి. ఒక గుడారమువారు విడిచిన కీర్తనను ప్రక్క గుడారమువా రందుకొందురు. ఒక ఊరి వరుస వేరొక ఊరి పిల్లలకు చేరుట అచటనే జరుగును. ఇంటిలో తండ్రి పాట యొకటే వినవచ్చును. జాతరలో పది యూళ్ల తండ్రుల పాటలు వినవచ్చును.

పాటతోపాటు వాద్యమునకును ఇదే గతి. బసవపురాణములో కిన్నర బ్రహ్మయ్య యను భక్తుని కథ కలదు. కిన్నెర వాయించి శివుని మెప్పించిన పుణ్యుడాయన. ఆ కిన్నెర మన సీమలో వెదురుబొంగును, సొరబుర్రలును, మెట్లును గల వాద్యముగా నేటికిని నిలిచియున్నది. సలేశ్వరమున్న లింగాల మండలమునకే చెందిన అవుసలికుంట నివాసి దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న మున్నగు వీరుల కథలు పాడి ప్రసిద్ధులైరి. 2022లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. వారి కిన్నెర తాతతండ్రులనుండి వచ్చినది. దేశమంతయు మెచ్చుకొనుచున్న సమయమున ఆ వాద్యమును పట్టువారు వ్రేళ్లమీద లెక్కింపదగియుండుట మనము గమనింపవలెను. పురస్కారము కళాకారునికి గౌరవము. కళకు ఆయువు మాత్రము ప్రక్కన కూర్చున్న బాలుడే.

మన సంస్థానములను గూర్చియు నొకమాట చెప్పవలెను. విద్వద్గద్వాల యని కీర్తికెక్కిన గద్వాలలో కార్తిక, మాఘమాసములందు పండితసభలు జరిగెడివి. వనపర్తి, ఆత్మకూరు ప్రభువులును కవిపండితుల నాదరించిరి. అవధానములు, సన్మానములు, వార్షికములు ఎన్నియో. ఆ సభలు మన సీమకు తెచ్చిన కీర్తి చిన్నది కాదు. కాని 1949లో జాగీర్లు రద్దై సంస్థానములు అంతరించగానే, ఆ సభలు మునుపటివలె నిలువలేదు. కొండజాతర మాత్రము నిలిచినది. సభలో వృద్ధపండితులు కూర్చుండిరి, జాతరలో తాతలు మనుమలతో కూర్చుండిరి. మొదటిది రాజాశ్రయముపై నిలిచెను, రెండవది బిడ్డల జ్ఞాపకముపై నిలిచెను. నేను సంస్కృతపాఠము చదివినవాడను, పండితసభలయందు గౌరవము గలవాడను. అయినను చరిత్ర చూపిన దిది.

పిల్లలను కొండకు తీసికొనిపోవుట అపాయమని కొందరందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. పూర్వము జాతరలయందు నీరు చెడి గత్తర వ్యాపించి ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయిన సంగతి పెద్దలు చెప్పగా వినియున్నాము. చైత్రమాసపు టెండ, సలేశ్వరపు లోయ, జనపు త్రొక్కిడి, ఇవి పసివారికి తగినవి కావు. అదియుగాక ఆ యడవి నేడు అమ్రాబాదు పులుల అభయారణ్యము. అటవీశాఖవారు పెట్టిన వేళలను, నియమములను మీరరాదు. అచట రాత్రి బసచేయుదమని పట్టుపట్టుట తగదు. పులికి నీరును, నిశ్శబ్దమును మన పాటకంటె ముఖ్యము. చంకబిడ్డలను ఆ లోయలోనికి దింపక, కాళ్లు గట్టిపడిన బాలురనే తగినంత నీటితో తీసికొని పోవలెను.

కాని భయము వేరు, బద్ధకము వేరు. మోటారులో ఉదయము పోయి, కొబ్బరికాయ కొట్టి, సాయంకాలమునకు ఇల్లు చేరుట ఇపుడు అలవాటైనది. దేవుని దర్శన మగుచున్నది, పాట దర్శన మగుటలేదు. బస ఉన్నచోట గూడ గుడారమునకొక ధ్వనివర్ధకయంత్రము పెట్టి, పట్టణమున ముద్రించిన పాటలను వినిపించుచున్నారు. యంత్రము వంత నడుగదు. వంత నడుగని పాటకు బిడ్డ శ్రోత యగునే గాని గాయకుడు కాడు. బాలుర చేతిలోని ఫోనును నిందించి లాభము లేదు. దానికి బదులుగా మనము వారి కేమి యిచ్చుచున్నాము? తాత నోరు మూసికొని కూర్చున్నచోట మనుమడు ఫోను చూచుటలో వింత యేమున్నది?

కావున మీవంటి గ్రామపెద్దలు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, ఏడాదికొక రాత్రియైన పిల్లలతో కలసి బసచేయుట. కురుమూర్తి వంటి చోట గుట్టక్రింద నుండవచ్చును. సలేశ్వరము పోవువారు ముందురాత్రి అడవి వెలుపలి యూరిలో, గుడిముంగిట జాగరము చేయవచ్చును. రెండవది, ఆ రాత్రి ఒక జాము సేపు యంత్రముల నాపి నోటిపాట పాడుట, అందు ఒక్క కీర్తననైన ముందుపాటగా బాలునిచేతనో బాలికచేతనో పాడించుట. తప్పు పాడినను నవ్వరాదు. బతుకమ్మ చుట్టు తల్లివెంట తిరుగు పసిపిల్ల తప్పులు పాడియే నేర్చుకొనుచున్నది గదా! మూడవది, ఊరిలో పాట తెలిసిన ముదుసలి యున్నచో, బడిపిల్లలచేత ఆ సాహిత్యమును వ్రాయించుట. నాగరుకర్నూలునకు చెందిన కీర్తిశేషులు కపిలవాయి లింగమూర్తిగారు ఈ సీమ దేవాలయములను, స్థలచరిత్రలను ఊరూర దిరిగి సేకరించి గ్రంథస్థము చేసిరి. వారివలె ప్రతివాడు గ్రంథములు వ్రాయలేడు. తన యూరి పాట నొక నోటుపుస్తకమున కెక్కించుట ప్రతి బడిపిల్లకును సాధ్యము. వ్రాత మాటకు కాపు. వరుసకు కాపు మాత్రము పైన చెప్పిన జాగరమే యని మరువరాదు.

పర్వతపదములు పాడినవారును మనవంటివారే. తమ పాట కలకాల ముండునని వారును తలచియుందురు. సోమనాథుడు పేరు వ్రాయకున్నచో ఆ పేరైన మనకు దక్కెడిది కాదు. వేపూరి హనుమద్దాసు కీర్తనయు, లింగమయ్య పాటయు, కిన్నెర మెట్టుపై సాయన్న కథయు మరియొక వంద యేండ్లకు ఒట్టి పేళ్లుగా మిగులునో, పాటలుగా మిగులునో, రానున్న కార్తికమునను చైత్రమునను మీ బండిలో మీ ప్రక్కన ఎవరు కూర్చుందురో దానినిబట్టి యుండును. ఈ విషయమును ఆలోచింపుడని కోరుచు ఇంతటితో విరమించుచున్నాను.

స్వస్తి.